మణుగూరు అడవి డోలు: సకిని రామచంద్రయ్య కథ

2022 జనవరి 25 సాయంత్రం పద్మ అవార్డుల లిస్టు వచ్చింది. తెలంగాణ నుంచి కళల విభాగంలో పద్మశ్రీకి మూడు పేర్లున్నాయి. కూచిపూడి నర్తకి గడ్డం పద్మజారెడ్డి, కిన్నెర మొగిలయ్య, సకిని రామచంద్రయ్య. మొగిలయ్య గారిని అందరం వెంటనే గుర్తుపట్టాం. అంతకు కొన్ని నెలల ముందే భీమ్లా నాయక్ పాటలో ఆయన గొంతు విన్నాం కదా. మూడో పేరు దగ్గర మాత్రం నేను కూడా చాలామందిలాగే "ఈయనెవరబ్బా" అనుకుని ఫోన్లో వెతికాను. డోలు వాయించే కోయ కళాకారుడు అని తెలిసింది. అంతే, ఇంకో వీడియోకి వెళ్లిపోయాను. ఇవాళ్టి ఎపిసోడ్ ఒకరకంగా ఆ రోజు నేను చేసిన తప్పు దిద్దుకోవడానికే.

ముందు ఊరి సంగతి. ఆయనది కూనవరం. శబరి, గోదావరి కలిసే చోట, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిన కూనవరం అనుకుంటారేమో, అది వేరే ఊరు. ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలంలోది. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదంతా ఖమ్మం జిల్లానే. ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, ఒకవైపు గోదావరి, మిగతాదంతా అడవి, కోయగూడేలు.

ఇప్పుడు డోలీ అంటే ఎవరో చూద్దాం. మనకు డ్రమ్మర్ అంటే స్టేజీ మీద, బ్యాండు వెనకాల కూర్చుని బీటు కొట్టే మనిషి. ఇక్కడ డోలీ అనేది ఒక సమూహం పేరు. ప్రభుత్వ ఎస్టీ జాబితాలో కూడా కోయలతో పాటు 'డోలి కోయ' అని ఉంటుంది. కోయల్లో గొట్లు ఉంటాయి. మూడో గొట్టు, నాలుగో గొట్టు, ఐదో గొట్టు, ఇలా. ఒక్కో గొట్టుకు తన ఇలవేల్పు, తన పూర్వీకుల కథ ఉంటాయి. ఆ కథ మొత్తం గుర్తుపెట్టుకుని, డోలు వాయిస్తూ పాడి చెప్పాల్సిన బాధ్యత డోలీలది. ఆ కథల బొమ్మలతో పొడవాటి గుడ్డ జెండాలుంటాయి. వాటిని పడిగెలంటారు. డోలీ పడిగె విప్పి, ఒక్కో బొమ్మను చూపిస్తూ కథ నడిపిస్తాడు. అక్షరం అవసరం లేని పుస్తకం అనుకోండి. ఆ పుస్తకం చదవగలిగినవాడు లేకపోతే మనకు కనిపించేది రంగు గుడ్డ మాత్రమే.

రామచంద్రయ్య గారు బడికెళ్లి చదువుకున్న మనిషి కాదు. కానీ కోయ భాషలోనూ, తెలుగులోనూ గంటల తరబడి కథ చెప్పగలిగేవారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, నాగులమ్మ... వీళ్ల కథలన్నీ ఆయన నోట్లో ఉండేవి.

ఇందులో చరిత్ర ఏముంది, పాటలే కదా అంటారేమో. ములుగు జిల్లాకు వెళ్దాం. అక్కడ రామప్ప గుడి ఉంది. కాకతీయుల కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం అక్కడుంది. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, ఏ రాజు కాలంలో, అంతా రాతి మీద రాసి ఉంది. 2021 జూలైలో ఆ గుడికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అదే జిల్లాలో మేడారం ఉంది. కరువు వచ్చి కప్పం కట్టలేకపోయారని కాకతీయ సైన్యం కోయల మీదికొచ్చిందని, సమ్మక్క కుటుంబం ఎదురు నిలిచి పోరాడిందని అక్కడి కథ. జంపన్న పడిపోయిన వాగు జంపన్నవాగు అయింది. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది. ఇప్పటికీ రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి, ఆ గుట్ట మీది నుంచే తల్లిని గద్దెకు తీసుకొస్తారు.

అంటే గెలిచినవాళ్ల మాట రాతి మీద ఉంది. ఓడినవాళ్ల మాట డోలు తోలు మీద, పడిగె గుడ్డ మీద, కొంతమంది జ్ఞాపకంలో ఉంది. రాయి ఎనిమిది వందల ఏళ్లు నిలుస్తుంది. మనిషి జ్ఞాపకం అతను ఇంకొకరికి నేర్పినంత కాలమే నిలుస్తుంది. డోలీలు చెప్పే ప్రతి మాటా జరిగిందే అని నేను అనట్లేదు. ఒకే కథను గొట్టును బట్టి, చెప్పేవాళ్లను బట్టి వేరుగా చెప్తారు. అయితే శాసనాన్ని కూడా రాజుకు అనుకూలంగానే రాస్తారు కదా. రెండూ వింటేనే ఆ కాలం గురించి ఏదైనా అనగలం.

1996లో మేడారం జాతర రాష్ట్ర పండుగ అయింది. ఇప్పుడు లక్షల్లో జనం వస్తారు. వచ్చినవాళ్లు బెల్లం పెడతారు, మొక్కు తీర్చుకుంటారు, వెళ్లిపోతారు. డోలీ దగ్గర కూర్చుని కథ మొత్తం వినేవాళ్లు తక్కువ. గూడేల్లో పెళ్లికి డీజే వచ్చింది. తాతల నాటి కథలు పిల్లలకు అన్నం పెట్టట్లేదు కాబట్టి వాళ్లు నేర్చుకోవట్లేదు. వాళ్లను తప్పు పట్టడానికి మనకు ఏ హక్కూ లేదు.

ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ లాంటి పరిశోధకులు గూడేలకు వెళ్లి, పడిగెలు చూసి, డోలీల కథలు రికార్డు చేసి అచ్చులోకి తెచ్చారు. బయటి ప్రపంచానికి రామచంద్రయ్య గారి పేరు తెలియడంలో ఆ పనికి పాత్ర ఉంది. ఆ తర్వాత పద్మశ్రీ వచ్చింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామని ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కూనవరంలోనే అనారోగ్యంతో చనిపోయారు. అవార్డు వచ్చాక రెండున్నరేళ్లు కూడా లేరు. ఆ కోటి రూపాయలు ఆయనకు అందలేదని అప్పుడు వార్తలొచ్చాయి.

నాకు క్యూబా గాయకుడు ఇబ్రహీం ఫెర్రర్ గుర్తొస్తాడు. పాట మానేసి హవానాలో బూట్లు పాలిష్ చేసుకుంటున్న మనిషి. 1996లో రికార్డింగుకు పిలిచారు. బ్యూనా విస్టా సోషల్ క్లబ్ ఆల్బమ్ ప్రపంచమంతా తిరిగింది. డెబ్బై దాటాక లాటిన్ గ్రామీలో 'కొత్త కళాకారుడి' అవార్డు వచ్చింది. నవ్వొస్తుంది కానీ, ఒకటి గమనించండి. ఫెర్రర్‌కు అవార్డు కన్నా ముందు పని దొరికింది. జనం టికెట్లు కొన్నారు, రికార్డులు కొన్నారు. రామచంద్రయ్య గారికి బిరుదు దొరికింది, ఫొటోలు దొరికాయి. కూర్చుని కథ వినే మనుషులు, పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలు ఆ బిరుదుతో పాటు రాలేదు. డోలీ పాటకు టికెట్ ఉండదు. దాని శ్రోతలు ఆ గొట్టు మనుషులే. వాళ్లే చెదిరిపోతుంటే ఢిల్లీ ఇచ్చిన పతకం ఏం చేస్తుంది?

ఇక మన సంగతి. మణుగూరు, పినపాక, గుండాల, దుమ్ముగూడెం, చర్ల, తాడ్వాయి వైపు మీకు ఊరుంటే, అక్కడ ఇంకా డోలీలున్నారు. మీ చేతిలో ఫోనుంది. ముప్పై సెకన్ల రీల్ కోసం వెళ్లకండి. ముందు అడగండి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి, వాళ్ల సమయానికి డబ్బులివ్వండి. కథ మొదటి నుంచి చివరి దాకా వినండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, గొట్టు రాసిపెట్టండి. రికార్డింగు కాపీ ముందు వాళ్ల ఇంట్లో ఇవ్వండి, ఆ ఇంటి పిల్లలు వినేలా.

2022లో నేను ఆ పేరు చూసి రెండు నిమిషాల్లో ముందుకెళ్లిపోయాను. అప్పుడు ఆయన బతికే ఉన్నారు. కూనవరం నాకు అంత దూరమేమీ కాదు.