కరపత్రములందలి "రిజిస్టర్డు" శబ్దము

చిన్నవర్తకుల కరపత్రముల యడుగున "ట్రేడుమార్కు రిజిస్టర్డు" అనియు, "సర్వస్వామ్యములు మావి" అనియు సన్నని యక్షరములతో ముద్రించుట చిరకాలాచారము. ఈ రెండును బర్యాయములని పలువురు తలఁతురు. అది సరికాదు. మొదటిది సరకు పేరును, గుర్తును గూర్చినది. రెండవది కరపత్రమునందలి రచనను, చిత్రమును గూర్చినది. మఱియు "రిజిస్టర్డు" అను శబ్దమునకుఁ గాలమునుబట్టి యర్థము మాఱినది. తేదీ లేని కరపత్రమునకుఁ గాలనిర్ణయము చేయువారు దీనిని మఱువరాదు.

రచనాస్వామ్యవిషయమున 1847 నాఁటి చట్టము ప్రకారము గ్రంథమును రిజిస్టరు చేయింపనిదే దావా తెచ్చుటకు వీలులేకుండెను. 1914 నాఁటి చట్టముతో నా నిర్బంధము తొలఁగెను. 1957 నాఁటి చట్టమున నమోదు కలదు గాని యది యైచ్ఛికము. కాఁబట్టి యీ సూచన హెచ్చరికయే గాని హక్కునకు మూలము గాదు.

వర్తకపు గుర్తుల కథ వేఱు. దొంగగుర్తు వేయుట నేరమని 1860 నాఁటి పీనల్ కోడును, 1889 నాఁటి సరకుగుర్తుల చట్టమును జెప్పినవి. అయినను గుర్తులను నమోదు చేయు ప్రభుత్వపు పట్టిక 1940 నాఁటి చట్టము 1942లో నమలునకు వచ్చువఱకు లేదు. అంతకుముందు వర్తకుఁడు దస్తావేజుల రిజిస్ట్రేషను కచేరికిఁ బోయి, ఈ గుర్తు నాదని ప్రకటనపత్రము వ్రాసి రిజిస్టరు చేయించుకొనెడివాఁడు. ఆనాఁటి కరపత్రమున "రిజిస్టర్డు" అనఁగా వాని మాట కచేరి పుస్తకమున నెక్కినదని మాత్రమే యర్థము. ప్రభుత్వము పరీక్షించి హక్కు నిచ్చినదని కాదు. కావున నా శబ్ద మున్నంతమాత్రమునఁ గరపత్రము 1942కుఁ దరువాతిదని నిర్ణయింపరాదు. నమోదు కాని గుర్తును నమోదైనదని చెప్పుటను 1999 నాఁటి చట్టము నిషేధించుచున్నది.

సామాన్యపదములపై నొక్కనికి స్వామ్య మెట్లు కలుగునన్న శంకకు శాబ్దికుల యోగరూఢియే సమాధానము. బురదలోఁ బుట్టినవి పెక్కు లుండఁగాఁ "బంకజము" పద్మమునకే చెల్లినట్లు, 1893లో బొంబాయిలోఁ గాశీనాథుని నాగేశ్వరరావుగారు నెలకొల్పిన "అమృతాంజనము" కాటుకను గాక నొప్పిమందునే స్ఫురింపఁజేయును.

ఈ విషయమే న్యాయస్థానమునకును వచ్చినది. "అమృతధార" యను మందు లాహోరునఁ బుట్టినది. "లక్ష్మణధార" 1923 నుండి యమ్ముడుపోవుచుండెను. దానిని నమోదు చేయుమని 1950లోఁ గోరఁగా నమృతధారవా రడ్డుపడిరి. హైకోర్టు పదములను విడఁదీసి యర్థభేదము చూపి రెండును వేఱనెను. 1962లో సుప్రీంకోర్టు దానిని ద్రోసివేసినది: కొనుగోలుదారుఁడు వ్యుత్పత్తి విచారింపఁడు, మొత్తముమీఁది ధ్వనిసామ్యముచేతనే భ్రమపడు నన్నది. అయినను చిరకాలము ప్రతిపక్షము సహించి యూరకుండుటచే లక్ష్మణధారకు ఉత్తరప్రదేశమువఱకు నమోదు దక్కెను.

కరపత్రపు టడుగున నేమి ముద్రించిరన్నదానికంటె, ఆ పేరు జనుల వ్యవహారమున నెంతకాలము నిలిచినదన్నదే బలవత్తరము.