సంతకం మాత్రం డీన్‌ది

టెలిగ్రాఫ్ అవెన్యూ మీద పుస్తకాల షాపులూ కాఫీ హోటళ్లూ దాటుకుంటూ నేరుగా నడిచి రండి. బ్యాంక్రాఫ్ట్ వే అడ్డం వస్తుంది. దాన్ని దాటగానే కాళ్ల కింద ఇటుకలు పరిచిన నేల, 26 అడుగుల పట్టీ. అక్కడ ఆగండి. ఇది 1964. మీ ఎదుట ఉన్నది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బర్కిలీ క్యాంపస్. ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయం. చదివేవాళ్లు దాదాపు 27,000 మంది.

ఈ ఇటుకల మీద విద్యార్థులు మడత బల్లలు వేసుకుని కూర్చుంటారు. ఒక బల్ల మీద దక్షిణాదిలో నల్లజాతివారి ఓటుహక్కు పోరాటానికి చందా డబ్బా. ఇంకో బల్ల రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌ను అధ్యక్షుణ్ణి చెయ్యాలనేవాళ్లది. ఆ పక్కన డెమోక్రాట్లు, వాళ్ల పక్కన సోషలిస్టులు. క్యాంపస్ లోపల రాజకీయాలకు చందా వసూలు చెయ్యకూడదు, మనుషుల్ని చేర్చుకోకూడదు. ఈ పట్టీ మాత్రం నగరపాలక సంస్థదని అందరి నమ్మకం. అందుకే నగరం దగ్గర పర్మిట్ తీసుకుని మరీ బల్లలు వేస్తారు. ఒకప్పుడు ఈ సందడంతా కొంచెం లోపల సేథర్ గేట్ దగ్గర జరిగేది. క్యాంపస్ పెరిగి గేటును దాటి ముందుకొచ్చింది, బల్లలు కూడా దానికంటే ముందుకు జరిగి ఇక్కడికొచ్చాయి. నేలలో బిగించిన ఫలకాల మీద ఈ స్థలం రీజెంట్లదని, అంటే విశ్వవిద్యాలయ పాలకమండలిదని, రాసి ఉంది. దాటిపోయేవాళ్లు వంగి చదవరు.

లోపలికి పదండి. కుడిచేతి వైపు స్తంభాలతో నిలబడ్డ తెల్లటి భవనం స్ప్రౌల్ హాల్. మెట్లెక్కి రెండో అంతస్తుకు రండి. ఇక్కడ విద్యార్థుల డీన్ కార్యాలయం ఉంది. కుర్చీలో ఉన్నావిడ కేథరిన్ టౌల్. వయసు 66. ఈ విశ్వవిద్యాలయంలోనే 1920లో పట్టా పుచ్చుకున్నారు. యుద్ధకాలంలో మెరైన్ దళంలో చేరి, తర్వాత మహిళా మెరైన్లకు డైరెక్టరై, కర్నల్ హోదాలో 1953లో విరమించి తిరిగి బర్కిలీకి వచ్చారు. మొదట మహిళా విద్యార్థుల డీన్. 1961 నుంచి మొత్తం విద్యార్థుల డీన్. ఈ క్యాంపస్‌లో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆవిడే.

ఆవిడ పైన ఎవరున్నారో కూడా తెలుసుకోవాలి, లేకపోతే రాబోయే రోజులు అర్థం కావు. మన విశ్వవిద్యాలయాల్లో వైస్ ఛాన్సలరే సర్వాధికారి. అక్కడ క్యాంపస్ పెద్ద ఛాన్సలర్, ఎడ్వర్డ్ స్ట్రాంగ్. ఆయన కింద విద్యార్థి వ్యవహారాలకు ఒక వైస్ ఛాన్సలర్, అలెక్స్ షెరిఫ్స్. రాష్ట్రంలోని అన్ని క్యాంపస్‌ల మీదా అధ్యక్షుడు క్లార్క్ కెర్. బ్యాంక్రాఫ్ట్ బల్లలు షెరిఫ్స్ కంట్లో నలుసుగా ఉన్నాయి. జులైలో అధికారులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ ఇటుకల పట్టీ నగరానిది కాదని, విశ్వవిద్యాలయానిదేనని తేల్చారు. కనుక లోపలి నిషేధం అక్కడికీ వర్తించాలన్నారు. టౌల్‌కు ఈ నిర్ణయం నచ్చలేదు. ఆ స్థలాన్ని నగరానికి రాసిచ్చేద్దామని రీజెంట్లు 1959లోనే ఒప్పుకున్నారు, కాగితాలు కదల్లేదు, అంతే. అవి కదిలి ఉంటే ఈ కథే లేదు. అయినా పిల్లలకు వెళ్లే ఉత్తరం డీన్ కార్యాలయం నుంచే వెళ్లాలి. సెప్టెంబరు 14 తేదీతో అది వెళ్లింది. 21 నుంచి బల్లలు వద్దు, పోస్టర్లు వద్దు, క్యాంపస్ బయటి రాజకీయాల కోసం ప్రచారం వద్దు. కింద సంతకం కేథరిన్ టౌల్‌ది.

ఇప్పుడు ఆ గదిలో ఒక మూల నిలబడండి. సెప్టెంబరు 17, గురువారం. ఉత్తరం చదువుకున్న విద్యార్థి సంఘాల ప్రతినిధులు వచ్చి కూర్చున్నారు. గోల్డ్‌వాటర్ మనుషులూ సోషలిస్టులూ పక్కపక్కనే ఉన్నారు. ఇంతకు ముందు వీళ్లను కలిపినవాళ్లు లేరు, ఆ ఉత్తరమే కలిపింది. వేసవిలో మిసిసిపీ వెళ్లి నల్లజాతివారి కోసం పనిచేసి వచ్చిన మేరియో సావియో కూడా వీళ్లలో ఒకడవుతాడు. తత్వశాస్త్ర విద్యార్థి, 21 ఏళ్లు.

వాళ్లు అడిగే మొదటి ప్రశ్న చాలా చిన్నది: ఎందుకు?

ఉత్తరంలో చెప్పిన కారణం రద్దీ. బల్లల వల్ల నడిచేవాళ్లకు అడ్డంగా ఉంటోంది. పిల్లలు దీన్ని కొట్టిపారెయ్యలేదు. రద్దీని మేమే లెక్కగట్టి చూపిస్తాం, బల్లల స్థానాలు మార్చుకుంటాం, మీ నియమాలు మేమే అమలు చేస్తాం అన్నారు. డీన్ వినడమైతే ఓపిగ్గా వింటారు. ఒప్పుకునే అధికారం మాత్రం ఆవిడ దగ్గర లేదు. ఆ మాట వాళ్లకు దాచలేదు కూడా. నాకు టౌల్ మీద గౌరవం కలిగేది ఇక్కడే. లేని అధికారం ఉన్నట్టు నటించలేదు, తన ముందున్న పిల్లల్ని కసురుకోలేదు. కానీ అధికారం లేని మనిషిని అధికారం పేరుతో కూర్చోబెడితే, ఎంత మర్యాదస్తులైనా, ఎదుటివాళ్ల ప్రశ్న గోడకు తగిలి వెనక్కొస్తుంది.

సెప్టెంబరు 21న ఆవిడ కొంత సడలింపు తెచ్చారు. బల్లలు కొన్నిచోట్ల వేసుకోవచ్చు, సమాచారం ఇవ్వొచ్చు. ఫలానా పని చెయ్యండని ప్రేరేపించకూడదు. పిల్లలు వెంటనే పట్టుకున్నారు: సమాచారానికీ ప్రేరేపణకూ గీత ఎక్కడ? నవంబరులో రాష్ట్ర ఓటర్ల ముందుకు కొన్ని ప్రతిపాదనలు వస్తున్నాయి. రెండో నంబరు ప్రతిపాదన గెలిస్తే విశ్వవిద్యాలయాల భవనాలకు బాండ్ల డబ్బు వస్తుంది, దానికి ఓటెయ్యమని యాజమాన్యమే ప్రచారం చేస్తోంది. 14వ నంబరు ప్రతిపాదన గెలిస్తే రంగు చూసి ఇల్లు అద్దెకివ్వకపోవడాన్ని ఆపే చట్టం కొట్టుకుపోతుంది, దాన్ని ఓడించమని పిల్లలు అంటే తప్పు. 28న ఛాన్సలర్ ఇంకో మెట్టు దిగారు: అభ్యర్థుల గురించీ ప్రతిపాదనల గురించీ కరపత్రాలు పంచుకోవచ్చు. చందాలూ, చేర్చుకోవడాలూ వద్దు. అంటే రెండు వారాల్లో కారణం రద్దీ నుంచి ప్రేరేపణకు, ప్రేరేపణ నుంచి చందాలకు మారింది. నియమం సడలిందని ఎవరూ సంతోషించలేదు. దానికి ఆధారమే లేదని అందరికీ తేలిపోయింది.

సెప్టెంబరు 30. ఆ పూట డీన్ కార్యాలయం మనుషులు, నిషేధాన్ని కాదని సేథర్ గేట్ దగ్గర వేసిన బల్లల ముందుకు వెళ్లి ఐదుగురి పేర్లు రాసుకున్నారు. మూడు గంటలకు రమ్మన్నారు. మూడింటికి స్ప్రౌల్ హాల్ మెట్ల మీద చప్పుడు విని మీరు వరండాలోకి వస్తే, వచ్చింది ఐదుగురు కాదు, వందల మంది. మేమూ ఆ బల్లల దగ్గర కూర్చున్నాం, మమ్మల్నీ శిక్షించండి అని కాగితం మీద సంతకాలు పెట్టి తెచ్చారు. పురుష విద్యార్థుల డీన్ ఆర్లీ విలియమ్స్ బయటికొచ్చి, ఆ ఐదుగురితోనే మాట్లాడతానన్నారు. అందరితో ఒకే తీరుగా ఉండండి, లేదంటే ఎవరూ రారని సావియో జవాబు. కారిడారు నిండా కూర్చుండిపోయారు. అర్ధరాత్రికి ఛాన్సలర్ నోటే సస్పెన్షన్లు వెలువడ్డాయి. ఐదుగురూ, వాళ్లను నడిపించారని ఇంకో ముగ్గురూ. మొత్తం ఎనిమిది మంది, విచారణ లేకుండా. తెల్లవారుజామున రెండు దాటాకగానీ కూర్చున్నవాళ్లు లేవలేదు.

ఉస్మానియాలో ఇలాంటిదే ఎప్పుడో జరిగింది. 1938లో వందేమాతరం పాడకూడదన్నారు, పాడినవాళ్లను వెళ్లగొట్టారు. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. వెళ్లగొట్టిన కాగితం కింద ఎవరో ఒకరు సంతకం పెట్టే ఉంటారు. ఆ మనిషి ఆ రాత్రి ఏమనుకున్నాడో తెలుసుకోవాలని నాకెప్పుడూ ఉంటుంది.

మళ్లీ బర్కిలీకి వద్దాం. మర్నాడు, అక్టోబరు 1న, మధ్యాహ్నానికి ముందే స్ప్రౌల్ ప్లాజాలోకి దిగండి. స్ప్రౌల్ హాల్ ముందే బల్లలు. ఒక బల్ల వెనుక జాక్ వైన్‌బర్గ్. గణితంలో పరిశోధన మానేసి పౌరహక్కుల పనిలో పడ్డవాడు, ఇప్పుడు విద్యార్థి కాదు. ఇద్దరు అసిస్టెంట్ డీన్లు, పక్కన పోలీసు అధికారి. పేరు చెప్పనన్నాడు. అరెస్టన్నారు. ఒళ్లు వదిలేశాడు. మోసుకెళ్లి కారులో కుదేశారు. ఎవరో కూర్చోండని అరిచారు. ముందు కొద్దిమంది, తర్వాత వందలు, కాసేపటికి ప్లాజా అంతా. కారు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు.

ఆ కారు 32 గంటలు అక్కడే ఉంది, లోపల వైన్‌బర్గ్‌తో సహా. దాని పైకప్పే వేదిక. పైకెక్కేవాళ్లు కారు పాడవకూడదని బూట్లు విప్పి ఎక్కుతున్నారు. సావియో సాక్సుల కాళ్లతో నిలబడి మాట్లాడుతున్నాడు. కావాలన్నవాళ్లకు ఎదురు వాదించేందుకూ వరస ఇచ్చారు. రాత్రి గొడవ చెయ్యడానికి ఇంకో గుంపు వచ్చింది, గుడ్లూ వెలిగించిన సిగరెట్లూ పడ్డాయి. కూర్చున్నవాళ్లు తిరిగి చెయ్యెత్తలేదు. ఒక కాథలిక్ ఫాదర్ కారెక్కి శాంతించమని అడిగాక ఆ గుంపు మెత్తబడింది.

రెండో రోజు సాయంత్రానికి వందలాది పోలీసులు భవనాల వెనక సిద్ధంగా ఉన్నారు. ఏడున్నర ప్రాంతంలో సావియో మళ్లీ కారెక్కి, కెర్‌తో కుదిరిన ఒప్పందం చదివాడు. వైన్‌బర్గ్ మీద విశ్వవిద్యాలయం కేసు పెట్టదు. నియమాల మీద అందరూ కలిసి ఒక కమిటీ. ఎనిమిది మంది సస్పెన్షన్లను ఆచార్యుల సభ అయిన సెనేట్ వారి విద్యార్థి క్రమశిక్షణ కమిటీకి పంపుతారు. తీరా చూస్తే సెనేట్‌కు అలాంటి కమిటీయే లేదు! ఉన్న కమిటీ ఛాన్సలర్ నియమించినది. చివరికి సెనేట్ కొత్తగా ఒకటి వేసింది. నవంబరు మధ్యలో అది ఆరుగురికి సస్పెన్షన్ పూర్తిగా తీసెయ్యమంది, మిగిలిన ఇద్దరికి, సావియోకూ ఆర్ట్ గోల్డ్‌బర్గ్‌కూ, ఆరు వారాలు చాలంది, యాజమాన్యం పద్ధతిని తప్పుపట్టింది.

గొడవ అక్కడితో చల్లబడేదే. అప్పుడు పాత అక్టోబరు సంఘటనల మీదే మళ్లీ నలుగురికి కొత్త నోటీసులు వెళ్లాయి. డిసెంబరు 2న వెయ్యిమందికి పైగా నిరసనగా స్ప్రౌల్ హాల్లోకి నడిచారు, జానపద గాయని జోన్ బయేజ్ పాడుతుండగా. లోపల పరీక్షలకు చదువుకున్నారు, చాప్లిన్ సినిమాలు చూశారు, యూదుల హనుక్కా పండుగ ప్రార్థన చేసుకున్నారు. తెల్లవారుజామున మూడింటికి ఛాన్సలర్ మెగాఫోన్ పట్టుకుని అంతస్తు తర్వాత అంతస్తు తిరిగి వెళ్లిపొమ్మన్నారు. ఆ తర్వాత అరెస్టులు, ఆ మధ్యాహ్నం దాకా. దాదాపు 800 మంది. మెట్ల మీంచి పిల్లల్ని ఈడ్చుకెళ్తుంటే ఆచార్యులు చూశారు. అంతవరకు ఇది డీన్ ఆఫీసు తలనొప్పి అనుకున్నవాళ్లు అప్పుడు కదిలారు. డిసెంబరు 8న సెనేట్ సమావేశమై ఓటేసింది. తీర్మానానికి అనుకూలంగా 824 మంది, వ్యతిరేకంగా 115 మంది. తీర్మానం ఇదీ: ఏం మాట్లాడాలన్నది విశ్వవిద్యాలయం నిర్ణయించకూడదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది మాత్రం, చదువుకు ఆటంకం లేకుండా, నియంత్రించవచ్చు.

ఆ తీర్మానంలోని మాట సెప్టెంబరు 17న టౌల్ గదిలో పిల్లలు అడిగినదానికి ఎంతో దూరంలో లేదు. రద్దీని మేం చూసుకుంటాం అన్నారు వాళ్లు. ఆవిడ సరే అనగలిగి ఉంటే చాలు. విద్యార్థి వ్యవహారాలు నడిపేవాళ్లకు గదీ, గుమాస్తాలూ, లెటర్‌హెడ్డూ అన్నీ ఇస్తారు. ఎదురుగా కూర్చున్న విద్యార్థికి ఆ పూటే మాటివ్వగల అధికారం ఎందుకివ్వరు? ఇవ్వకుండా సంతకం మాత్రం వాళ్లచేత ఎందుకు పెట్టిస్తారు?

1965 జనవరిలో స్ట్రాంగ్ స్థానంలో మార్టిన్ మేయర్సన్ తాత్కాలిక ఛాన్సలరయ్యారు. కొత్త నియమాలొచ్చాయి. ప్లాజాలో బల్లలు వేసుకోవచ్చు, మెట్ల మీద మాట్లాడుకోవచ్చు. టౌల్ ఆ ఏడే పదవీ విరమణ చేశారు. షెరిఫ్స్ తర్వాత గవర్నర్ రొనాల్డ్ రీగన్‌కు విద్యా సలహాదారయ్యారు. కెర్‌ను రీజెంట్లు 1967లో తొలగించారు. 1997లో స్ప్రౌల్ హాల్ మెట్లకు సావియో పేరు పెట్టారు. జనవరి నియమాల తర్వాత డీన్ కార్యాలయం పని చూద్దామని మీరు రెండో అంతస్తుకు ఇంకోసారి వెళ్తే, ఏ బల్ల ఎక్కడ, మైకు ఎన్నింటికి అన్నదే అక్కడి పని. మైకు ఎందుకు ఆపాలని ఒక విద్యార్థి అడిగితే గుమాస్తా కూడా చెప్పగలడు: పక్క భవనాల్లో క్లాసు నడుస్తోంది.