తాతను చంపినవాడి పేరు

రాజరాజ నరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనంలోని వంశావళి నాకు ఏ పురాణానికీ తీసిపోని వినోదం. విష్ణువు నాభికమలం నుంచి బ్రహ్మ, ఆపైన చంద్రుడు, బుధుడు, పురూరవుడు, భరతుడు, పాండవులు, ఉదయనుడు వరకు పేర్లు సాగుతాయి. అక్కడ కవికి పేర్లు చాలినట్లు లేవు; అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలారని లెక్క మాత్రం చెప్పాడు. కల్యాణి చాళుక్య దాయాదులూ అదే సంఖ్య చెప్పుకున్నారు!

ఆ వంశపు విజయాదిత్యుడు దక్షిణాపథానికి వచ్చి త్రిలోచన పల్లవునితో పోరి మరణించాడట. గర్భవతి అయిన రాణిని ముదివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి కాపాడాడట. ఈ కథ తొలినాటి వేంగి శాసనాలలో లేదు. 7వ శతాబ్దిలో కుబ్జ విష్ణువర్ధనునికి మానవ్యస గోత్రం, హారితీపుత్రుడన్న పేరు సరిపోయాయి. చంద్రవంశం 11వ శతాబ్ది ఆరంభంలో వచ్చి చేరింది. అప్పటికి వియ్యంకులు సూర్యవంశీయులమని చెప్పుకునే చోళులు. రాజరాజ నరేంద్రుని తల్లి కుందవ రాజరాజచోళుని కూతురు, భార్య అమ్మంగ రాజేంద్రచోళుని కూతురు. అత్తింటి ముందు తీసిపోకూడదనే తపన ఇందులో ఉందని నా అనుమానం.

ఇక కుబ్జ విష్ణువర్ధనుని దగ్గరనుంచి శాసనం కరణంగారి చిట్టాలా మారిపోతుంది. అతడు 18 ఏళ్ళు, జయసింహుడు 33 ఏళ్ళు. ఇంద్రభట్టారకుడు ఏలినది 7 రోజులే, ఆయననూ విడిచిపెట్టలేదు. అంత నిక్కచ్చి లెక్క దానార్ణవుని తరువాత ఒక్కసారిగా మూగబోతుంది. దైవ వైపరీత్యంవల్ల వేంగినేల 27 ఏళ్ళు ప్రభువు లేక ఉండిందట!

ప్రభువు లేకపోవడమేమిటి? 973లో దానార్ణవుని చంపి జటాచోడ భీముడు ఏలాడు. దానార్ణవుడు రాజరాజ నరేంద్రునికి స్వయానా తాత. అయోధ్యలోని 59 మందినీ లెక్కపెట్టగలిగిన ఆస్థానం, తన తాతను చంపినవాడి పేరు రాగిరేకుమీద చెక్కనివ్వలేదు.

ఈ రాజే తన వంశకర్తలైన పాండవుల కథ వినాలని నన్నయను భారతం తెనిగించమన్నాడు. సవతి తమ్ముడు విజయాదిత్యునితో సింహాసనం కోసం పెనుగులాడినవాడికి దాయాదుల పోరు వినాలనిపించడం నాకు ఆశ్చర్యం కాదు. ఆ కథ సొంత ఇంటిదే అయినా, వేల ఏళ్ళ దూరాన ఉంటే వినడానికి వీలుగా ఉంటుంది.

జటాచోడ భీముని ప్రశస్తి మాత్రం వేంగికి ఎంతో దూరాన, కాంచీపురం కైలాసనాథాలయంలో దొరికింది.