తటస్థ రేవులో యుద్ధనౌక: 1939 మాంటెవిడియో సంక్షోభం – ఒక పరిశీలన

యుద్ధంలో ఉన్న దేశపు నౌక తటస్థ దేశపు రేవులో ఆశ్రయం కోరినప్పుడు, దానిని ఎంతకాలం ఉండనివ్వాలన్నది పైకి సాంకేతిక విషయంగా కనిపిస్తుంది. చిన్న దేశాలకు మాత్రం అది సార్వభౌమత్వానికి సంబంధించిన ప్రశ్న. 1939 డిసెంబర్‌లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో తలెత్తిన సంక్షోభం ఇందుకు నిదర్శనం.

ఈ విషయంలో 1907 నాటి హేగ్ పదమూడవ ఒప్పందం ప్రధాన ఆధారం. తటస్థ దేశపు చట్టంలో వేరే నియమం లేకపోతే యుద్ధనౌక 24 గంటలకు మించి రేవులో ఉండరాదని 12వ అధికరణం నిర్దేశించింది. దెబ్బతిన్న నౌకలకు 14వ అధికరణం మినహాయింపునిచ్చింది. 17వ అధికరణం సముద్రయానానికి అత్యవసరమైన మరమ్మతులను మాత్రమే అనుమతించింది. యుద్ధసామర్థ్యాన్ని పెంచే పనులను నిషేధించింది. ఏ మరమ్మతు అవసరమో నిర్ణయించే అధికారాన్ని స్థానిక అధికారులకే అప్పగించింది.

డిసెంబర్ 13న మూడు క్రూయిజర్లతో జరిగిన పోరులో దెబ్బతిన్న జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ గ్రాఫ్ స్పీ ఆ రాత్రి మాంటెవిడియో చేరింది. మరమ్మతులకు రెండు వారాల గడువు కావాలని జర్మన్ పక్షం కోరింది. నౌకను 24 గంటల్లో పంపివేయాలని బ్రిటిష్ రాయబారి యూజెన్ మిల్లింగ్టన్-డ్రేక్ పట్టుబట్టారు. అయితే బ్రిటిష్ సహాయక నౌకలు చాలావరకు ఇంకా దూరంగానే ఉన్నందున ఆ నౌక వెంటనే బయలుదేరడం బ్రిటన్‌కే నష్టమని తేలింది. అప్పుడు బ్రిటిష్ పక్షం 16వ అధికరణాన్ని ఆశ్రయించింది. దాని ప్రకారం శత్రుదేశపు వాణిజ్యనౌక బయలుదేరిన 24 గంటల వరకు యుద్ధనౌక రేవు విడువరాదు. డిసెంబర్ 15న బ్రిటిష్ వాణిజ్యనౌక ఆష్‌వర్త్ బయలుదేరడం ఈ వ్యూహంలో భాగమే. తొందరపెట్టడానికీ, ఆలస్యం చేయించడానికీ ఒకే ఒప్పందం ఆధారమైంది.

విదేశాంగమంత్రి ఆల్బెర్తో గువానీ నేతృత్వంలో ఉరుగ్వే ఈ రెండు ఒత్తిళ్ల మధ్య నిపుణుల తనిఖీపై ఆధారపడి 72 గంటల గడువునిచ్చింది. ఇరుపక్షాలు కోరిన గడువుల్లో ఇది దేనితోనూ సరిపోలేదు. గడువు ముగిసే వేళకు, డిసెంబర్ 17 సాయంత్రం, కెప్టెన్ హాన్స్ లాంగ్స్‌డార్ఫ్ నౌకను రేవు వెలుపల పేల్చి ముంచివేయించారు. డిసెంబర్ 20న బ్యూనస్ ఐరిస్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

ఈ నిర్ణయం ఎందుకు అమలు కాగలిగిందో గ్రహించడానికి మరొక ప్రయత్నంతో పోల్చి చూడాలి. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా ఖండాల గణతంత్ర దేశాలు పనామా ప్రకటన ద్వారా సుమారు 300 మైళ్ల సముద్ర భద్రతా మండలాన్ని ప్రకటించాయి. గ్రాఫ్ స్పీ పోరు ఆ మండలంలోనే జరిగింది. డిసెంబర్ 23న ఆ దేశాలు ఉమ్మడిగా నిరసన తెలిపినా, యుద్ధదేశాలు మండలాన్ని అంగీకరించలేదు. బహిరంగ సముద్రంపై చేసిన ప్రకటనకు యుద్ధదేశాల సమ్మతి గాని, అమలుపరచే నౌకాబలం గాని లేవు. రేవుపై ఉరుగ్వే అధికారాన్ని మాత్రం ఎవరూ ప్రశ్నించలేకపోయారు. వాదమంతా గడువు గురించే. అందువల్ల హేగ్ ఒప్పందంలోని 24 గంటల లెక్క కంటే, నిర్ణయాధికారం తీరదేశానిదేనన్న 17వ అధికరణమే ఈ ఉదంతంలో నిర్ణాయకమైందని చెప్పవచ్చు.