బూక్రా బెల్టు కథ

విశాఖ పోర్టులో ఇనుప ఖనిజాన్ని ఓడలకెత్తే కన్వేయర్ బెల్టులు మనలో చాలామంది చూసే ఉంటారు. అలాంటి బెల్టు పోర్టు ప్రహరీ దాటి, గాజువాక, అనకాపల్లి, ఎలమంచిలి మీదుగా తుని దాకా పోతే ఎలా ఉంటుందో ఊహించండి. పశ్చిమ సహారాలో ఇంచుమించు అంత పొడవున, సుమారు 98 కిలోమీటర్ల మేర, ఒక బెల్టు ఉంది. ఒక కొసన ఎడారి మధ్యలో బూక్రా అనే గని. రెండో కొసన అట్లాంటిక్ సముద్రంలోకి దాదాపు మూడు కిలోమీటర్లు చొచ్చుకెళ్లిన జెట్టీ. నడుమ చెప్పుకోదగ్గ ఊరు లేదు. ప్రపంచంలో ఇంత పొడవైన కన్వేయర్ వ్యవస్థ మరొకటి లేదని ఇంజినీర్లు చెబుతారు. 1972లో మొదలైన ఈ బెల్టు, యుద్ధం వల్ల మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయినా, నేటికీ ఫాస్ఫేటు రాయిని మోస్తూనే ఉంది.

అది ఎలా పుట్టిందో చెప్పుకుంటే ఆ దేశం గొడవ సగం అర్థమవుతుంది. దేశమనాలా, ప్రాంతమనాలా అన్నదే అక్కడ యాభై ఏళ్ల తగాదా అనుకోండి.

పశ్చిమ సహారా విస్తీర్ణం 2,66,000 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే వచ్చేదానికి కొంచెం తక్కువ. జనం మాత్రం ఆరు లక్షల పైచిలుకే. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఉత్తరాన సెగియా ఎల్ హమ్రా అనే ఎండువాగు, దక్షిణాన రియో దె ఓరో మైదానం, పడమట 1,100 కిలోమీటర్ల తీరం. వాన ఎక్కడ పడితే అక్కడికి ఒంటెలనూ మేకలనూ తోలుకుపోయే రెగిబాత్, ఔలాద్ దెలిమ్ వంటి తెగల వాళ్లే అక్కడి సహ్రావీలు. మాట్లాడేది హస్సానియా అరబిక్.

స్పెయిన్ 1884లో ఈ తీరం తనదని ప్రకటించుకుంది. ప్రకటించుకోవడమే గానీ, లోపలికి పోయింది లేదు. కెనరీ దీవుల జాలర్లకు తీరం కావాలి, అంతే. లోతట్టున ఉన్న స్మారా పట్టణంలో స్పెయిన్ సైన్యం కాలు పెట్టేసరికి 1934 వచ్చింది. ఇప్పటి రాజధాని లాయూన్ పుట్టింది 1938లో. ఇసుకా, చేపలూ తప్ప ఏమీ లేని వలసగా దాన్ని మాడ్రిడ్ చూసింది.

ఆ చూపు మార్చింది మాన్యువల్ అలియా మెదీనా అనే స్పెయిన్ భూగర్భ శాస్త్రవేత్త. ఎడారి పటాలు గీయడానికి, రాళ్ల పొరలు చదవడానికి వచ్చిన ఆయన 1947లో ఇక్కడ ఫాస్ఫేటు జాడలు కనిపెట్టాడు. పక్కనే మొరాకోలో, ఖురిబ్గా దగ్గర 1921 నుంచి ఫాస్ఫేటు తవ్వుతున్నారు. కోట్ల ఏళ్ల కిందట ఈ నేలంతా లోతు తక్కువ సముద్రం. చేపల ఎముకలు, సొరచేపల పళ్లు, సూక్ష్మజీవుల అవశేషాలు అడుగున పేరుకుపోయి భాస్వరపు రాయిగా గట్టిపడ్డాయి. అటు సముద్రం ఉంటే ఇటు కూడా ఉండి ఉంటుంది కదా అన్న తర్కం ఎవరికైనా తట్టవచ్చు. ఎండలో తిరిగి రాయి చేతిలోకి తీసుకున్నవాడికే ఆ పేరు దక్కింది.

అయితే రాయి దొరకడం వేరు, గని తెరవడం వేరు. అంతర్యుద్ధంతో చితికిపోయి, ఫ్రాంకో పాలనలో బయటి దేశాలకు దూరమైన స్పెయిన్ దగ్గర అప్పుడు డబ్బు లేదు. 1962లో గానీ ప్రభుత్వ గనుల కంపెనీ ఏర్పడలేదు. ఆ అన్వేషణలోనే బూక్రా నిక్షేపం తేలింది. లాయూన్‌కు ఆగ్నేయంగా నూరు కిలోమీటర్ల దూరం. నిల్వలు 170 కోట్ల టన్నులని నాటి అంచనా. నాణ్యత మేలైనది, పైగా పొర ఉపరితలానికి దగ్గరగా ఉంది. సొరంగాలు అక్కర్లేదు, పైమట్టి తొలగించి పెద్ద పారలతో తోడుకోవచ్చు. 1969లో ఫోస్‌బూక్రా అనే కంపెనీ రంగంలోకి దిగింది.

ఇక మిగిలిన సమస్య రవాణా. గని దగ్గర నీళ్లు లేవు. తవ్విన రాయిని కడిగి మట్టి వదిలించాలంటే బోలెడు నీళ్లు కావాలి. కాబట్టి రాయిని కడగకుండానే సముద్రం ఒడ్డుకు చేర్చాలి. అక్కడ ఉప్పునీటితో కడిగి, ఆఖరున మంచినీటితో జాడించి, ఆరబెట్టి ఓడకెత్తాలి. పొరుగున మారిటానియా 1963లో ఇనుప ఖనిజం కోసం ఎడారికి అడ్డంగా 700 కిలోమీటర్ల రైలుమార్గం వేసింది. ఆ పట్టాల మీద ఇసుక మేట వేయడం, తోడుకోవడం అక్కడ నిత్యకృత్యం. స్పెయిన్ రైలు జోలికి పోలేదు. సరుకు ఒకే దిక్కుకు పోతుంది, ఆగకుండా పోతుంది, వెనక్కి తెచ్చేదేమీ లేదు. అలాంటి పనికి బెల్టే సరిపోతుంది. జర్మనీ కంపెనీ క్రుప్‌కు పని అప్పగించారు.

బెల్టు అనగానే రెండు కొసల మధ్య చుట్టిన ఒకే ఒక్క రబ్బరు పట్టీ అనుకోకండి. అంత పొడవు పట్టీని లాగితే తన బరువుకే తెగిపోతుంది. పదకొండు బెల్టులు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి ఏడు నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య. మామూలు బెల్టుల్లో రబ్బరు మధ్య గుడ్డ పొరలుంటాయి. ఇక్కడ గుడ్డకు బదులు ఉక్కు తీగల తాళ్లు పొదిగారు. ఆ ఉక్కు తాళ్ల బలం వల్లే ఒక్కో బెల్టు అన్ని కిలోమీటర్లు సాగగలిగింది. బెల్టు చివరికి వచ్చిన రాయి బదిలీ కేంద్రంలో పైనుంచి జారి తర్వాతి బెల్టు మీద పడుతుంది. అక్కడ మోటార్లు, డ్రమ్ములు, కరెంటు గది. మళ్లీ పది కిలోమీటర్లు రోలర్ల మీద పరుగు. గంటకు 2,000 టన్నులు మోసే సామర్థ్యం. ఎడారి గాలికి బెల్టు మీది తెల్లటి పొడి లేచి ఒక పక్కకే పడుతూ, ఏళ్ల తరబడి పేరుకుని, ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల్లో పొడవాటి తెల్ల చారగా కనిపిస్తుంది.

ఇంజినీరింగ్ పరంగా దీన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఒక లోపం ఉంది. రైలుకు కాపలా పెట్టవచ్చు, దాడి జరిగితే వెనక్కి తిప్పవచ్చు. బెల్టు ఎక్కడికీ కదలదు. నూరు కిలోమీటర్ల పొడవునా ఎక్కడ తెగినా మొత్తం ఆగుతుంది. బదిలీ కేంద్రం ఒక్కటి కాలితే చాలు.

సరిగ్గా అదే జరిగింది. బెల్టు పనులు నడుస్తున్న కాలంలోనే సహ్రావీలలో కదలిక మొదలైంది. 1970 జూన్ 17న లాయూన్‌లోని జెమ్లా పేటలో స్వయంపాలన కోరుతూ జనం గుమిగూడారు. స్పెయిన్ సైన్యం కాల్పులు జరిపింది. నాయకుడు మొహమ్మద్ బస్సీరీని పట్టుకుపోయారు. ఆయన మళ్లీ కనిపించలేదు. 1973 మేలో ఎల్ ఔలీ నాయకత్వంలో పొలిసారియో ఫ్రంట్ పుట్టింది. అదే కాలంలో ప్రపంచ మార్కెట్లో ఫాస్ఫేటు ధర భగ్గుమంది. 1973లో టన్నుకు 14 డాలర్లున్న రాయి 1974లో 60 డాలర్లు దాటింది. మొరాకోకూ, స్పెయిన్‌కూ, పొలిసారియోకూ ఆ బెల్టు విలువ ఒకేసారి అర్థమైంది. 1974 అక్టోబరులో పొలిసారియో దాని బదిలీ కేంద్రాలకు నిప్పు పెట్టింది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 1975 అక్టోబరు 16న అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. ఇక్కడి తెగలకు మొరాకో సుల్తానులతో పాత సంబంధాలున్న మాట నిజమే గానీ, అవి స్వయంనిర్ణయ హక్కును తోసిపుచ్చేంతటివి కావంది. మూడు వారాలకు మొరాకో రాజు హసన్ పిలుపుతో మూడున్నర లక్షల మంది మొరాకో పౌరులు సరిహద్దు దాటారు. నవంబరు 14న మాడ్రిడ్ ఒప్పందం. మొరాకో, మారిటానియాలు పాలన పంచుకున్నాయి. స్పెయిన్ నేల వదిలింది గానీ గనిని పూర్తిగా వదల్లేదు. ఫోస్‌బూక్రాలో 35 శాతం వాటా ఉంచుకుంది. ఆ వాటా కూడా మొరాకో ఫాస్ఫేటు సంస్థ ఓసీపీ చేతికి వచ్చింది 2002లో. 1976 ఫిబ్రవరి 27న పొలిసారియో సహ్రావీ అరబ్ ప్రజాస్వామ్య గణతంత్రాన్ని ప్రకటించింది. దాని ప్రభుత్వం, మంత్రులు, బడులు, ఆసుపత్రులు అన్నీ అల్జీరియాలోని టిండూఫ్ దగ్గర శరణార్థి శిబిరాల్లో నడుస్తున్నాయి. 2018లో ఐక్యరాజ్యసమితి సంస్థలు అక్కడున్నవారిని 1,73,600గా లెక్కగట్టాయి.

యుద్ధంలో బెల్టు పదేపదే దెబ్బతిని 1976 నుంచి ఆరేళ్లపాటు ఎగుమతులు ఇంచుమించు నిలిచిపోయాయి. మారిటానియా 1979లో తప్పుకుంది. మొరాకో 1980లో కొత్త ఎత్తు వేసింది. ఇసుకా రాళ్లూ పోగేసి గట్టు, ముందు మందుపాతరలు, వెనక సైన్యం, రాడార్లు. మొదటి గట్టు చుట్టుముట్టింది దేనినో చూడండి: స్మారా, లాయూన్, బూక్రా. అంటే గనీ, బెల్టూ, రేవూ లోపల పడ్డాయి. ఆ గట్టు పూర్తయ్యాక 1982లో బెల్టు మళ్లీ తిరిగింది. 1987 నాటికి గట్లు ఒకదాని తర్వాత ఒకటి పెరిగి సుమారు 2,700 కిలోమీటర్లయ్యాయి. గోడకు పడమట ఉన్న 80 శాతం నేల మొరాకోది, తూర్పున మిగిలింది పొలిసారియోది. పశ్చిమ సహారా గోడ గురించి రాసేవాళ్లు సైనిక వ్యూహం అంటారు గానీ, నా మటుకు అది ఆ బెల్టుకు కట్టిన ప్రహరీగానే మొదలైంది.

ఇప్పుడు ఫాస్ఫేటు ఒక్కటే అక్కడి ఆదాయం కాదు. చేపల వేట పెద్ద వ్యాపారం. దఖ్లా దగ్గర గ్రీన్‌హౌసుల్లో టమాటాలు పండించి యూరప్‌కు పంపుతున్నారు. గనికి కావలసిన కరెంటులో ఎక్కువ భాగం లాయూన్ పక్కన గాలిమరల నుంచే వస్తోంది.

అయితే ఈ వనరుల తగాదా న్యాయస్థానాలకూ ఎక్కింది. 2002లో ఐక్యరాజ్యసమితి న్యాయ సలహాదారు హాన్స్ కొరెల్ చమురు ఒప్పందాల మీద అభిప్రాయం చెబుతూ, అక్కడి ప్రజల ప్రయోజనాన్నీ ఇష్టాన్నీ పక్కనబెట్టి వనరులు తవ్వితే అంతర్జాతీయ చట్టాన్ని మీరినట్టేనన్నారు. 2017 మేలో న్యూజిలాండ్ వెళ్తున్న చెర్రీ బ్లాసమ్ అనే ఓడను దక్షిణాఫ్రికా ఆపింది. అందులో బూక్రా ఫాస్ఫేటు 50 వేల టన్నులకు పైగా ఉంది. మరుసటి ఏడు అక్కడి హైకోర్టు ఆ సరుకు సహ్రావీ గణతంత్రానిదేనని తీర్పిచ్చింది. సరుకును వేలం వేస్తే కొనడానికి ఒక్కరూ రాలేదు.

మన దేశానికీ ఇందులో భాగముంది. భారతదేశం సహ్రావీ గణతంత్రాన్ని 1985లో గుర్తించి, 2000లో ఆ గుర్తింపును ఉపసంహరించుకుంది. రాజస్థాన్‌లో ఝామర్‌కోట్రా గని ఉన్నా మన అవసరానికి చాలదు. డీఏపీకి, కాంప్లెక్స్ ఎరువులకు కావలసిన రాయి, ఆమ్లం ఎక్కువగా బయటి నుంచే వస్తాయి. ఒడిశాలోని పారదీప్ ఫాస్ఫేట్స్‌లో ఓసీపీకి 2002 నుంచి వాటా ఉంది. పశ్చిమ సహారా వనరుల మీద నిఘా పెట్టే స్వచ్ఛంద సంస్థ ఓడల కదలికలు లెక్కగట్టి, బూక్రా రాయి ఇటీవలి ఏళ్లలో భారత రేవులకూ చేరిందని ప్రకటించింది.

దుక్కిలో డీఏపీ వేసే రైతును దీనికి బాధ్యుణ్ని చేయడం అన్యాయం. బస్తా దొరకడమే గగనమైన సీజన్లు ఆయనకు తెలుసు. అడగాల్సింది కంపెనీలను. ఏ గని రాయి కొన్నారో, ఎవరి అనుమతితో కొన్నారో తమ వార్షిక నివేదికలో రెండు వాక్యాలు రాయమని వాటాదారులు అడగవచ్చు, పార్లమెంటు సభ్యులూ అడగవచ్చు. అడగాలి కూడా.