ఇంగ్లీషుపాలెం తారీఖు

బందరులో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వలందులంటే హాలెండు వాళ్ళు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఎవరి పేట వారిది, ఎవరి గిడ్డంగి వారిది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఎవరి తారీఖు వారిదేనన్న సంగతి మాత్రం చాలామంది విని ఉండరు.

వలందులు 1606 నాటికే ఇక్కడ వ్యాపారం పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ, పరాసులు 1669లోనూ వచ్చి చేరారు. అంతకుముందే, 1582లో, రోములో పోపు గ్రెగరీ పాత క్యాలెండరును సరిదిద్దాడు. వలందులూ పరాసులూ సరేనన్నారు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ససేమిరా అన్నారు. అందువల్ల 17వ శతాబ్దమంతా వాళ్ళు 10 రోజులు వెనకబడే ఉన్నారు. చాలదన్నట్టు, వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న గాని రాదు!

అంటే వలందపాలెంలో 1651 జనవరి 15 అయిననాడు, ఇంగ్లీషుపాలెంలో 1650 జనవరి 5. నడిచి వెళ్ళే దూరంలో ఏడాది తేడా! అదే రోజున గోల్కొండ సుల్తాను ఉద్యోగి హిజ్రీ 1061 అని వేసుకుంటాడు. మన వర్తకుడి చిట్టాలో అది వికృతి నామ సంవత్సర పుష్య బహుళం. సరుకు ఒకటే, ఓడ ఒకటే, కాగితం మీద రోజులు మాత్రం నాలుగు. ఇంగ్లీషువాళ్ళు చివరికి 1752లో దారికొచ్చారు. ఆ ఏడు సెప్టెంబరు 2 మర్నాడే సెప్టెంబరు 14 అయింది.

ఇక తగువు తీరిందనుకుంటున్నారా? రెవెన్యూ వాళ్ళకి ఫసలీ ఒకటుంది కదండీ! జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసే పంట సంవత్సరం అది. దానికి 590 కలిపితే మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. బందరును సముద్రం ముంచేసిన 1864 నవంబరు 1 ఫసలీ 1274లోది. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 ఫసలీ 1387లోది. పంచాంగంలో చూస్తే మొదటిది రక్తాక్షి, రెండోది పింగళ.

ఇప్పుడు గుడివాడలో ఓ కుర్రాడు ఈ పాత రిజిస్టర్లన్నీ కంప్యూటరుకి ఎక్కిస్తున్నాడనుకుందాం. ఆ యంత్రంలో అమెరికా పద్ధతి పెట్టి ఉందనుకోండి. అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు, రోజు తరవాత రాస్తారు. 05-11-1977 అని మనవాడు నవంబరు అయిదు ఎక్కిస్తే, యంత్రం కిక్కురుమనకుండా మే 11 చేసేస్తుంది. 19-11-1977 అంటే మాత్రం పందొమ్మిదో నెల లేదు కాబట్టి తారీఖుగా ఒప్పుకోక, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. తెలిసేలా తప్పితే దిద్దుకుంటాం. తెలియకుండా తప్పినదాన్ని ఎవరు దిద్దుతారు? 1864 సంగతి మరీ విడ్డూరం. ఎక్సెల్‌కి లోకం 1900 జనవరి 1న పుట్టింది. బందరు ఉప్పెన దాని లెక్కలో తారీఖే కాదు!

అంకెలదీ ఇదే వరస. మనం 1,50,000 అని కామాలు పెడితే, పరాయి పద్ధతి 150,000 అంటుంది. ఆ వలందుల దేశంలో కామా దశాంశపు గుర్తు. అక్కడ 1,500 అంటే పదిహేను వందలు కాదు, ఒకటిన్నర!

దీనికి విరుగుడు కష్టమైనదేం కాదు. దిగుమతి చేసేటప్పుడే ఇది రోజు-నెల-సంవత్సరం వరస అని యంత్రానికి చెప్పాలి. లేదా 1977-11-19 అని సంవత్సరం ముందు పెట్టి రాయాలి. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది కూడా అదే. అన్నిటికంటే ముఖ్యం, రిజిస్టరులో ఉన్న రాతను ఉన్నదున్నట్టు పక్క గడిలో ఉంచుకోవాలి. ఫసలీ 1387ని పద్నాలుగో శతాబ్దం అనుకునే ప్రమాదం అప్పుడుండదు.

ఇంత చాదస్తమెందుకంటారా? బందరు ఉప్పెనలో పోయినవారు 30,000 మంది వరకూ ఉంటారంటారు. దివిసీమలో దాదాపు 10,000 మంది. ఉప్పెన పేర్లనే మిగల్చలేదు, ఇక తారీఖుల మాటేమిటి? దివిసీమలో తద్దినం పెట్టే ఇంట్లో కార్తీకమాసపు తిథి చూస్తారు, ప్రభుత్వం కాగితంలో 19వ తేదీ చూస్తుంది. రెండూ నిజమే. పోయిన మనిషికి మనం ఇవ్వగలిగింది ఆ ఒక్క రోజే. దాన్నైనా సరిగ్గా రాసిపెట్టవద్దూ?