చైనా అక్షరాల్లో జపాను చేరిన చండాలుడు

1998లో సైబర్ టవర్స్ లేచాక మాదాపూర్, గచ్చిబౌలి దారిలో ఎన్నో దేశాల పని దిగింది. జపాను పని కోసం ఆ భాష నేర్చుకునే మనవాళ్లకు మొదట్లోనే ఒక వింత ఎదురవుతుంది. అక్షరాలు అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న అని సాగుతాయి. మన వర్ణమాల వరసే! బౌద్ధ మంత్రాల కోసం చైనాలో సాగిన సిద్ధం లిపి చదువు జపాను చేరి ఈ వరసకు దారి తీసింది. సంతోషమే. కానీ అదే దారిన ఇంకేం పోయిందో కూడా అడగాలి గదా.

సొంత లిపి లేని జపాను చైనా అక్షరాలు తీసుకుంది. బౌద్ధ సూత్రాల్ని శతాబ్దాల పాటు తర్జుమా చేసుకోలేదు. చైనా పాఠాన్నే ఉంచి, పక్కన గుర్తులు పెట్టి తమ వాక్యక్రమంలో చదువుకున్నారు. కొలువుకూ మఠానికీ చైనా రాత. తేలిక కానా లిపికి 'ఆడవాళ్ల చేతిరాత' అని పేరు. మురసాకి షికిబు 11వ శతాబ్దం మొదట్లో 'గెంజి' కథను ఆ రాతలోనే రాసింది. సంస్కృతం దగ్గర మన తెలుగు నిలబడిన తీరు గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు మాట. మన ఊళ్లలో ఇప్పటికీ తిట్టుగా బతికున్న 'చండాల' శబ్దాన్ని చైనా భిక్షువులు అర్థం మార్చకుండా ధ్వనినే అక్షరాల్లో పెట్టారు. 5వ శతాబ్దంలో ఫాహియాన్, చండాలురు ఊరి బయట ఉంటారనీ, పట్నంలోకి వస్తే కర్ర చప్పుడు చేస్తారనీ రాసుకున్నాడు. ఆ మాట జపానులో 'సెందరా' అయింది. 13వ శతాబ్దపు 'చిరిబుకురో' అనే గ్రంథం, భారతదేశపు సెందరా అంటే పశువుల్ని కోసేవాడనీ, తమ దేశపు 'ఎతా' లాంటివాడేననీ చెప్పింది. ఎతా అని రాసే చైనా అక్షరాలకు అర్థం 'మైల ఎక్కువ'. అదే శతాబ్దంలో నిచిరెన్ అనే భిక్షువు మాత్రం తాను సెందరా బిడ్డనని స్వయంగా రాసుకున్నాడు.

ఎతాలను నేడు బురాకు ప్రజలంటున్నారు. 1871లో ప్రభుత్వం ఆ పేర్లు రద్దు చేసింది. గుళ్లు చేయలేదు. చచ్చినవాళ్లకు భిక్షువులిచ్చే బౌద్ధనామాల్లో 'పశువు', 'నీచం' అనే అక్షరాలు చెక్కిన సమాధిరాళ్లున్నాయి. 1979లో ఒక అంతర్జాతీయ మత మహాసభలో సోతో జెన్ శాఖ ప్రతినిధి, జపానులో వివక్ష లేదన్నాడు. బురాకు ఉద్యమం నిలదీసింది. ఆ శాఖ తర్వాత తప్పు ఒప్పుకుని ఈ పేర్లు వెతికి మార్చడం మొదలుపెట్టింది. బుద్ధుడి పేరు చెబితే చాలు కులం పోతుందనుకునే మనవాళ్లు ఈ రాళ్లు చూడాలి.

1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్లు 'పంచమ' పేరు వదిలి 'ఆది ఆంధ్ర' అన్నారు. 1922 మార్చి 3న క్యోటోలో పుట్టిన సుయిహైషా వేరే దారి పట్టింది. తిట్టయిన 'ఎతా'నే ప్రకటనలోకి తెచ్చి, అందుకు గర్వపడదామంది. బురాకుల్లో ఎక్కువమంది జోదో షిన్ శాఖవాళ్లు. ఆ శాఖ ఏడుగురు గురువుల్లో మొదటివాడు మన నేలతో ముడిపడిన నాగార్జునుడే. వాళ్లు చదివే సూత్రంలో, తల్లిని చంపబోతున్న అజాతశత్రువును ఆపుతూ మంత్రి అది సెందరా పని అంటాడు. ఆ వాక్యాన్ని ఎట్లా చదవాలి, అసలు చదవాలా వద్దా అనే వాదన 21వ శతాబ్దంలోకీ సాగింది.